రెండు వందల పద్నాలుగో అట్ట

గద్వాలలో చీరల అంచులకు అట్టలు కొట్టే రాఘవేందర్‌ను 2004 వేసవి దాకా అందరూ అట్టల రాఘవేందర్ అనేవారు. ఆ వేసవిలో ఒక సినిమా వచ్చింది. అప్పటి నుంచి మెమరీ మాణిక్యం అనడం మొదలుపెట్టారు.

అట్టలు కొట్టడం బయటివాళ్లకు తెలిసే పని కాదు. మగ్గం పైన జకార్డు పెట్టె ఉంటుంది. అంచులో పువ్వు రావాలన్నా, పక్షి రావాలన్నా ఏ పోగు పైకి లేవాలో, ఏది కింద ఉండాలో ఆ పెట్టెకు చెప్పేవి అట్టలే. రాఘవేందర్ ముందు గళ్ల కాగితం మీద బొమ్మ గీస్తాడు. పోగు లేవాల్సిన చోట గడిని ఎర్ర సిరాతో నింపుతాడు. ఎర్ర గడి ఉన్నచోట అట్టకు ఒక రంధ్రం కొడతాడు. బొమ్మలో ఒక్కో వరుసకు ఒక్కో అట్ట. చిన్న మామిడి పిందెకు డెబ్బై చాలు. పెద్ద బొమ్మకు మూడు వందలు దాటుతాయి. అన్నిటికీ వరుసగా అంకెలు వేసి, దారంతో దండలా కుట్టి పంపుతాడు.

అతని తండ్రి కురుమూర్తి నేతగాడు. కొడుక్కి ఆరో తరగతిలోనే అద్దాలు వచ్చాయి. ఇంటర్ పూర్తయ్యేసరికి మైనస్ ఏడు. అద్దాలు పెట్టుకున్నా మగ్గం మీద అవతలి అంచున పోగు తెగితే కనిపించేది కాదు. కళ్లకు దగ్గరగా పెట్టుకున్నది మాత్రం గడి గడీ తేటగా కనిపించేది. అందుకని అట్టల పనిలో కుదిరాడు. అట్ట కొట్టేటప్పుడు లేచే సన్నటి పొట్టు మెడలోకి పోతుందని చొక్కా గుండీలు పైదాకా పెట్టుకునేవాడు. జేబులో ఎర్ర పెన్ను, నీలం పెన్ను, పెన్సిలు. తలకు నూనె తల్లి రేణుకమ్మ రాసేది, వద్దంటే ఊరుకునేది కాదు.

అతనికి ఇంకొక అలవాటు ఉండేది. బొమ్మలో కష్టమైన మలుపు వచ్చినప్పుడు ఆ అట్ట మీద పెన్సిలుతో రెండు ముక్కలు రాసేవాడు. 'ఈడ పోగు తెగుతది, చూస్కో.' 'ఇగ అయిపోవొచ్చింది.' ఆ అట్టలు ఏ ఊరికి పోతాయో, ఏ మగ్గం ఎక్కుతాయో అతనికి తెలియదు. ఎవరైనా చదువుతారని కూడా అనుకోలేదు.

వనపర్తి నుంచి అక్క మాలతి, బావ మహిపాల్ వచ్చినప్పుడు అందరూ కలిసి మ్యాట్నీకి పోయారు. సినిమాలో మెమరీ మాణిక్యం అని ఒకాయన ఉన్నాడు. కంప్యూటర్ ఇంజనీరు. సోడాబుడ్డి అద్దాలు, నూనె కారే తల, మెడ దాకా గుండీలు, జేబు నిండా పెన్నులు. ఎవరేం అడిగినా "ఒక్క నిమిషం సార్, లెక్క తేలలేదు!" అంటాడు. అనగానే ఎవరో ఒకరు చెంప మీద కొడతారు. అద్దాలు కింద పడతాయి. ఆయన నేల మీద తడుముకుంటూ పోయి హీరోయిన్ కాళ్లు పట్టుకుంటాడు. ఆయన నెల రోజులుగా చేస్తున్న లెక్కను హీరో వచ్చి, నిలబడే రెండు మీటలు నొక్కి తేల్చేస్తాడు.

హాలు హాలంతా నవ్వింది. రాఘవేందర్ కూడా కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. అప్పుడు మహిపాల్ ఒకసారి ఇటు తిరిగి బామ్మర్దిని చూశాడు. మళ్లీ తెర వైపు తిరిగి ఇంకా గట్టిగా నవ్వాడు. రాఘవేందర్ చెయ్యి మెడ దగ్గరికి పోయి, పై గుండీని తాకి, అక్కడే ఆగింది.

మూడు వారాలకు సినిమా పోయింది. పేరు కూడా దానితో పోవాల్సింది. కానీ ఊళ్లో కేబుల్ వాళ్లు సొంతంగా నడిపే చానల్‌లో మధ్యాహ్నం పూట కామెడీ ముక్కలు వేసేవారు. మగ్గాలు ఆపి అన్నం తినే వేళ అది. మాణిక్యం వారానికి నాలుగుసార్లయినా వచ్చి దెబ్బలు తిని పోయేవాడు. సినిమా చూడనివాళ్లకు కూడా అతను తెలుసు.

"ఏం మాణిక్యం, లెక్క తేలిందా?" చాయ్ హోటల్లో అడిగేవారు.

అడిగినవాళ్లు చెడ్డవాళ్లు కారు. ఆ మాట అంటూనే బెంచీ మీద జరిగి చోటిచ్చేవారు. కొత్తగా సెల్‌ఫోన్లు కొన్నవాళ్లు అతని దగ్గరికే తెచ్చి బాగుచేయమనేవారు. తెలియదంటే నమ్మేవారు కాదు. "నీకు తెల్వదంటె ఎట్ల? గా అద్దాలు ఊకెనే వచ్చినయా?" అనేవారు.

రాఘవేందర్ ఎవరి మీదా కోపం చేసుకోలేదు. మెల్లగా మాత్రం కొన్ని మార్చుకున్నాడు. బయటికి పోయేటప్పుడు పై గుండీ తీసేవాడు. పెన్నులు ఇంట్లో పెట్టేవాడు. పెళ్లిళ్లలో ఫొటో తీసేటప్పుడు అద్దాలు జేబులోకి పోయేవి. ఇంకొన్నాళ్లకు, ఎవరైనా అనేలోపే తనే "లెక్క తేలలేదు సార్" అనడం నేర్చుకున్నాడు. ఇంకొకరు అన్నప్పుడు ఉండే బాధ తనే అన్నప్పుడు కొంచెం తగ్గేది.

పెళ్లి సంబంధాల దగ్గర అది పనిచేయలేదు. అయిజలో పిల్ల మేనత్త అతన్ని చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. లోపలి నుంచి ఇద్దరు ముగ్గురి నవ్వు వినిపించింది. కొత్తకోటలో అలా ఎవరూ నవ్వలేదు. మర్నాడు మాత్రం పిల్లకు ఇష్టం లేదని కబురొచ్చింది. "ఇంకో రెండేండ్లు ఆగుదాం," అన్నాడు రాఘవేందర్ తల్లితో. "ఆ సినిమా మర్సిపోనీ." అప్పటికే అతనికి ఇరవై తొమ్మిది.

2006 చలికాలంలో గోవిందు ఒక దండ అట్టలు వెనక్కి తెచ్చాడు. గోవిందు గద్వాల సేట్ల దగ్గర నూలు, జరీ, అట్టలు తీసుకుని అమరచింత మగ్గాలకు చేర్చి, నేసిన చీరలు తెచ్చే మనిషి. వారానికి రెండుసార్లు జూరాల ప్రాజెక్టు కట్ట మీదుగా పోయి వస్తాడు. ఆ అట్టలు ఒక పక్షి అంచువి. చీర బాగా పోతోందని, అది నేసే ఇంట్లోనే పెట్టబోయే రెండో మగ్గానికి అవే అట్టలు ఇంకో దండ కొట్టమని సేటు పంపాడు.

రాఘవేందర్ వాటిని ఒక్కొక్కటే చూస్తూ రెండు వందల పద్నాలుగు దగ్గర ఆగాడు. దాని మీద తను పెన్సిలుతో రాసింది ఉంది: 'ఈడ మెడ తిరుగుతది. నిదానం.' దాని కింద ఎవరో నీలం పెన్నుతో రాశారు: 'నిదానంగనే నేసిన. ఒక రంధ్రం ఎక్కువుంది. కాగితం అంటించిన.'

అట్ట తిప్పి చూశాడు. నిజంగానే ఒక రంధ్రం మీద చిన్న కాగితం ముక్క అతికించి ఉంది. గళ్ల కాగితం తీసి లెక్క చూశాడు. అక్కడ ఎర్ర గడి లేదు. తప్పు తనదే. మూడు వందల ఇరవై అట్టల్లో వేల రంధ్రాలు. అందులో ఒక్కటి ఎక్కువ. దాన్ని ఎవరో కూర్చుని వెతికి పట్టుకున్నారు. పట్టుకుని సేటుకు ఫిర్యాదు చేయలేదు. తను రాసిన మాట కింద జవాబు రాశారు.

"గోవిందన్నా, ఈ రాత ఎవరిది?"

గోవిందు అట్టను దూరంగా పట్టుకుని చూశాడు. "ఇదా? ఎల్లన్న బిడ్డది. యామిని. ఎల్లన్నకు నడుం పోయినంక ఆ మగ్గం పిల్లనే నేస్తుంది. ఏం, తప్పు వట్టిందా?"

"పట్టింది."

"నీ తప్పు?" గోవిందు పడీ పడీ నవ్వాడు. "మాణిక్యం లెక్కల తప్పా! అయితే నీకు తగ్గ పిల్లనే ర. పెండ్లి గాలే ఇంక. అడగాల్నా?"

రాఘవేందర్ అట్టను పక్కన పెట్టాడు. మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"అడుగు," అన్నాడు.

కొత్త దండకు గళ్ల కాగితం చాలు కాబట్టి పాత అట్టల్ని గోవిందుతోనే మగ్గానికి తిప్పి పంపాడు. అంతకుముందు రెండు సంబంధాలకు తల్లి రమ్మంటే పోయాడు. ఈ ఒక్కటీ తను కోరుకున్నది. పిల్ల ఎలా ఉంటుందని అతను అడగలేదు. ఆ ఒక్క రంధ్రాన్ని ఎలా పట్టుకున్నావని అడగాలని మాత్రం రోజూ అనుకున్నాడు.

*

ఎల్లన్న రమ్మన్న రోజున కురుమూర్తి, రేణుకమ్మ, మాలతి, మహిపాల్, గోవిందు, రాఘవేందర్ ఆరుగురూ బస్సెక్కారు. కట్ట మీద బస్సు నిదానంగా పోతుంటే మాలతి తమ్ముడి పక్కకు వచ్చి కూర్చుంది.

"రాఘవా, ఒక్క అర్ధగంట అద్దాలు తీసి జేబుల వెట్టు ర."

"ఎందుకక్కా?"

"ఎందుకో నీకు తెల్వదా? ఆ పిల్ల ఇంట్ల సుత టీవీ ఉన్నదంట. అద్దాలు చూడంగనే ముందు నవ్వొస్తది. ఆ నవ్వు అయినంక గద మనిషి కనవడేది."

"ఏడనన్న తాకి పడ్తడేమోనే," అంది రేణుకమ్మ ముందు సీటులోంచి.

"నేను చెయ్యి వట్టుకుంట. ఈయన ముందల నడుస్తడు."

మహిపాల్ వెనక్కి తిరిగాడు. "కండ్లు మంచిగుంటయి ర నీయి. అద్దాలు తీస్తె హీరోవే."

రాఘవేందర్ వద్దన్నాడు. మాలతి మళ్లీ అడగలేదు. అమరచింతలో దిగి ఎల్లన్న ఇంటి వీధి మలుపు తిరిగాక అతనే ఆగాడు. అద్దాలు తీసి, రుమాలులో చుట్టి, జేబులో పెట్టుకున్నాడు. పై గుండీ తీశాడు. కురుమూర్తి అది చూశాడు.

వీధి, గోడలు, మనుషులు అంచులు లేకుండా ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఎక్కడో మగ్గం చప్పుడు వినిపించి ఆగింది. మాలతి మోచేయి పట్టుకుని అతన్ని ఒక మంచం మీద కూర్చోబెట్టింది. ఎల్లన్న భార్య సత్యమ్మ మంచినీళ్లు తెచ్చింది. గ్లాసు ఎంత దూరంలో ఉందో రాఘవేందర్‌కు అంతుపట్టలేదు. చేత్తో మాత్రం తడమకూడదనుకున్నాడు. మాణిక్యం తడిమేవాడు. సత్యమ్మే గ్లాసును చేతిలో పెట్టేదాకా కదలకుండా కూర్చున్నాడు.

యామిని వచ్చి ఎదురుగా కూర్చుంది. అతనికి ఆకుపచ్చటి రంగు, దాని చుట్టూ బంగారు గీత, పైన గోధుమరంగు ముఖం కనిపించాయి. ముఖంలో కళ్లెక్కడున్నాయో కూడా తెలియలేదు. పెద్దవాళ్లు నూలు గురించి, వానల గురించి మాట్లాడారు.

"ఏమన్న అడిగేదుంటె అడుగుండ్రి," అన్నాడు ఎల్లన్న.

రెండు వారాలుగా దాచుకున్న ప్రశ్న నోటి దాకా వచ్చింది. పిల్లను చూడటానికి వచ్చి అట్ట నంబరు, రంధ్రాల లెక్క అడగడం! అది మాణిక్యం అడిగే ప్రశ్న. దాన్ని మింగేసి, "సినిమాలు చూస్తరా?" అన్నాడు.

"ఎప్పుడన్న," అంది యామిని. గొంతులో కొంచెం ఆశ్చర్యం ఉంది. ఆమె ఇంకేదో ప్రశ్న కోసం ఎదురుచూసినట్టుంది. చివరికి తనే పైట అంచు కొంచెం పైకెత్తి పట్టుకుంది. "ఈ అంచు గుర్తువట్టిండ్రా?"

రాఘవేందర్ అటు చూశాడు. ఆకుపచ్చ మీద బంగారు చుక్కలు, ఒకవైపు వంపు తిరిగినట్టున్నాయి.

"మామిడి పిందెలు," అన్నాడు. "మంచిగ నేసిండ్రు."

సత్యమ్మ గాజులు ఒకసారి చప్పుడయ్యాయి. ఎల్లన్న దగ్గాడు.

"మావోనికి మామిడికాయలంటె పాణం," అన్నాడు మహిపాల్. ఎవరూ నవ్వలేదు.

యామిని అంచు వదిలేసింది. తల్లి చెప్పకుండానే లేచి లోపలికి పోయింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు కట్ట మీదికి ఎక్కింది. కురుమూర్తి కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు.

"అది నీ పక్షి ర," అన్నాడు. "నీ అట్టలతోని నేసిన చీరె కట్టుకున్నది, నువ్వు చూస్తవని."

రాఘవేందర్ అద్దాలు పెట్టుకుని కిటికీలోంచి నీళ్ల వైపు చూశాడు. మాలతి ముఖం అటు తిప్పుకుంది.

*

మూడో రోజు గోవిందు వచ్చాడు. చాయ్ ఇచ్చినా ముట్టలేదు.

"పిల్ల వద్దన్నది. ఎల్లన్న అయితే నన్ను కొట్టుడొక్కటే తక్కువ. అట్టలు కొట్టెటోడని చెప్పి ఎవర్నో తెచ్చి కూసోవెట్టినవంటడు. పక్షికి, పిందెకు తేడ తెల్వనోడు అట్టలేం కొడ్తడంటడు."

"నేనే కొట్టిన అని చెప్పలేదా?"

"ఒట్టు వెట్టి చెప్పిన. 'కొట్టినోడైతే ఎట్ల గుర్తు వట్టడు' అన్నది పిల్ల. దానికి నేనేం చెప్పాలె? మాణిక్యమని ఊరంత పిలుస్తరు, సిగ్గయ్యి అద్దాలు తీసిండని చెప్పాల్నా?"

"వద్దు," అన్నాడు రాఘవేందర్ వెంటనే.

మాలతి వనపర్తి నుంచి ఫోన్ చేసి ఏడ్చింది. తప్పు తనదే అంది. "నీది కాదక్కా. నువ్వు బస్సుల చెప్పినవ్. నేను వీధిల తీసిన," అన్నాడు. ఫోన్ పెట్టేసి పనిలో కూర్చున్నాడు. ఆ వారంలో రెండో దండ అట్టలు పూర్తి చేశాడు. రెండు వందల పద్నాలుగో అట్ట కొట్టి, రంధ్రాలు లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టాడు. దాని మీద ఏమీ రాయలేదు.

గోవిందు అట్టల కోసం వస్తే ఇవ్వలేదు. "నేనే తీస్కపోత," అన్నాడు.

"వద్దన్న ఇంటికి ఎట్ల పోతవ్ ర?"

"పెండ్లికొడుకు లెక్క పోత లేను. అట్టలు ఇయ్యనీకి పోతున్న."

ఎల్లన్న ఇంటి గుమ్మం దగ్గర అతను నిలబడ్డప్పుడు మధ్యాహ్నం దాటింది. బస్సులో ఒళ్లో పెట్టుకొచ్చిన అట్టల మూట చంకలో ఉంది. ముఖాన అద్దాలున్నాయి, పై గుండీ పెట్టి ఉంది, జేబులో మూడు పెన్నులూ ఉన్నాయి. ఎల్లన్న వాకిట్లో కూర్చుని కండెలకు నూలు చుడుతున్నాడు.

"ఎవలు?"

"అట్టలు తెచ్చిన. రెండో మగ్గానివి."

"గోవిందు ఏడి?" అని ఎల్లన్న కళ్లు చికిలించి చూశాడు. "నువ్వు గా మామిడి పిందెల పిలగానివి గాదూ?"

"అవును."

"మల్ల ఏంది?"

"అట్టలే," అన్నాడు రాఘవేందర్.

లోపల మగ్గం చప్పుడు ఆగలేదు. ఎల్లన్న తల ఊపి దారి ఇచ్చాడు. రాఘవేందర్ మూట దించి, విప్పకుండా, మగ్గం దగ్గరికి పోయాడు. యామిని తల ఎత్తలేదు. అడ్డంగా పోయే పేక పోగుతో నాడె ఆమె చేతుల మధ్య అటూ ఇటూ పోతోంది. మొదటిసారి ఆమె ముఖం కనిపించింది. కుడి కనుబొమ్మ మీద చిన్న మచ్చ ఉంది. ఎక్కువసేపు చూడటం బాగుండదని చూపు బట్ట మీదికి దించాడు. నేసినంత వరకు అంచు మీద అతని పక్షులు వరుసగా నిలబడి ఉన్నాయి. అతను వంగాడు. ముక్కు అంచుకు జానెడు దూరం దాకా వచ్చింది.

"మూడో పక్షికి కాలు ఒక వరుస పొడుగైంది," అన్నాడు. "అట్ట తిరగకముందే నాడె రెండుసార్లు పోయింది."

మగ్గం ఆగింది.

"ఏడ?"

వేలితో చూపించాడు. ఆమె వంగి చూసింది. రెండో పక్షిని చూసింది, మళ్లీ మూడోదాన్ని చూసింది. గోరుతో వరుసలు లెక్కపెట్టింది. ఎల్లన్న గోడ పట్టుకుని లేచి వచ్చి తనూ వంగాడు.

"నాకేం కనవడ్తలేదు," అన్నాడు.

"నీకు కనవడ్తె పిల్ల ఎందుకు నేస్తది?" అంది సత్యమ్మ వంటింటి గుమ్మంలోంచి.

"ఉన్నది నాయనా," అంది యామిని. "ఒక వరుస ఎక్కువున్నది." అప్పుడు తలెత్తి రాఘవేందర్‌ను చూసింది. "మీరే కొట్టిండ్రా అట్టలు?"

"నేనే."

"మరి ఆ దినం?"

"అద్దాలు తీసిన. ఏం కనవడలే."

"ఎందుకు తీసిండ్రు?"

రాఘవేందర్ జేబులో పెన్నుల్ని సర్దుకున్నాడు. యామిని ఆ పెన్నుల్ని చూసింది, మెడ దగ్గరి గుండీని చూసింది.

"సినిమాల మాణిక్యం లెక్క కనవడ్తరనా?"

"ఊ."

"మాణిక్యం ఎవలు?" అన్నాడు ఎల్లన్న.

"టీవీల వస్తడు గద. లెక్క తేలలే, లెక్క తేలలే అంటడు," అంది సత్యమ్మ.

ఎల్లన్న రాఘవేందర్‌ను కింది నుంచి పైదాకా చూశాడు. "అవునే! అచ్చం గట్లనే ఉన్నడు!"

సత్యమ్మ ఆపుకోలేక నవ్వింది. ఎల్లన్న నవ్వాడు. రాఘవేందర్‌కు కూడా నవ్వొచ్చింది. అలవాటైన మాట నాలుక మీదికి వచ్చింది కానీ అనలేదు. యామిని నవ్వలేదు.

"నేను సుత నవ్విన," అంది. "అబద్ధం ఎందుకు. ఆ తల, ఆ మాట చూస్తె నవ్వొస్తది. అద్దాలు వడిపోయి నేల మీద ఎతుకుతుంటే మాత్రం నాకు నవ్వు రాదు. ఆ సినిమాల పని చేసెటోడు ఆయన ఒక్కడే. హీరో ఏం పని చేస్తడో మూడు గంటలు చూసినా తెల్వలే. మాణిక్యం కూసొని నెల దినాలు లెక్క చేస్తడు, అది ఏం లెక్కనో ఒక్కరు అడగరు. కొడ్తరు, అంతే. ఆ లెక్క ఏందో చూపిస్తే మంచిగుండు అనుకుంటుంటి."

రాఘవేందర్ ఆ సినిమాను, దాని ముక్కల్ని ఎన్నిసార్లు చూశాడో అతనికే తెలియదు. మాణిక్యం చేసే లెక్క ఏమిటని ఒక్కసారీ అనుకోలేదు. ఎప్పుడూ ఆయన అద్దాలనే చూశాడు.

"రెండు వందల పద్నాలుగుల ఆ రంధ్రం ఎట్ల వట్టుకున్నరు?" అని అడిగాడు.

యామిని ముఖం మారింది. మొన్న ఆకుపచ్చ చీరలో కూర్చుని ఆమె ఎదురుచూసిన ప్రశ్న అదేనని అప్పుడు అతనికి అర్థమైంది.

"మెడ కాడ జరీ చుక్క తేలుతుండె. పోగు వదులైందనుకున్న. ఇప్పి మల్ల నేసిన. మల్ల వచ్చింది. మూడుసార్లు ఇప్పిన. అట్ట తప్పని అనుకోనే లేదు. 'నిదానం' అని రాసి ఉండె గద, అంత నిదానంగ చెప్పెటోడు తప్పెట్ల కొడ్తడు, నా చెయ్యే తప్పుతుందనుకున్న. ఆఖరికి అట్ట దింపి, చీపురు పుల్ల వెట్టి ఒక్కొక్క రంధ్రం లెక్కవెట్టిన. ఒక పూట వట్టింది."

"ఒక పూట," అన్నాడు రాఘవేందర్.

"మా ఆమె అన్నం సల్లగయ్యిందని తిడ్తనే ఉండె," అన్నాడు ఎల్లన్న. "రంధ్రం దొరికినంక తిన్నది."

యామిని అంచు మీద వేలు పెట్టింది. "నేను సుత ఒకటి అడగాల్నని ఉండె. సేటు దీన్ని హంస అంటడు. హంస మెడ గింత సన్నగుంటదా?"

"అది హంస కాదు. కొంగ. జూరాల కాడ నీళ్లల్ల నిలవడ్తయి గద, గవి. కొంగ అంటె చీరె ఎవరు కొంటరని సేటు హంస అని పేరు వెట్టిండు."

"నేను అనుకున్న!" అంది యామిని. తండ్రి వైపు తిరిగింది. "చెప్పలేదా నాయనా, కాళ్లు చూడు, కొంగనే అని."

"ఏదైతేంది," అన్నాడు ఎల్లన్న. "ఇప్పుడు ఈ పొడుగు కాలు సంగతి ఏంది? ఉంచుదమా, ఇప్పుదమా? సేటుకు కనవడదు."

యామిని రాఘవేందర్‌ను చూసింది. ఆ ప్రశ్న ఇద్దరికీ అన్నట్టు ఆగింది.

"ఇప్పుదాం," అన్నాడు అతను. "నేను ఈ అంచు కాడ పోగులు వట్టుకుంట. మీరు పేక తియ్యుండ్రి."

మూడో పక్షి దాకా పోవాలంటే దాని తర్వాత నేసిన రెండు పక్షుల్నీ విప్పాలి. రాఘవేందర్ చెప్పులు వాకిట్లో విడిచి వచ్చి మగ్గం పక్కన పీట మీద కూర్చున్నాడు. యామిని నాడె తీసి అవతల పెట్టింది. ఇద్దరూ వంగి ఒక్కొక్క వరుస వెనక్కి తీయడం మొదలుపెట్టారు. జరీ పేక తెగకుండా రావాలి. అతను అంచు దగ్గర పోగుల్ని విడదీసి పట్టుకుంటే, ఆమె లాగి కండెకు చుడుతోంది. మొదటి పది వరుసలు మాటల్లేకుండా వచ్చాయి. పదకొండో వరుస ఇద్దరూ ఒకేసారి పట్టుకున్నారు. ఎవరు వదలాలో తెలియక ఒక క్షణం అలాగే పట్టుకుని ఉన్నారు.

సత్యమ్మ వంటింట్లోంచి చేట పట్టుకుని వచ్చింది. మగ్గం వైపు ఒకసారి చూసి, భర్త దగ్గరికి పోయి గొంతు తగ్గించింది. తగ్గించినా ఆ ఇంట్లో వినిపించని చోటు లేదు.

"బియ్యం ఎందరికి వొయ్యాలె?"

ఎల్లన్న గోడకు ఆనుకుని, ఎంత బట్ట విప్పారో, ఇంకా ఎంత విప్పాలో చూశాడు.

"నాలుగు గంటల బస్సుకైతే పోడు," అన్నాడు. "ఆరింటి బస్సున్నది. తిని పోతడు, వొయ్యి." చేట అందుకుని రెండు రాళ్లు ఏరి పారేశాడు. "ఆయితారం వీళ్ల అమ్మా నాయనలను మల్ల రమ్మందాం. గోవిందు నోరు తెరవకుంట కూసుంటనంటె వాణ్ని సుత రమ్మను."

మగ్గం దగ్గర ఇద్దరూ ఏమీ విననట్టు, వంచిన తలలు ఎత్తకుండా, తర్వాతి వరుస వెతుకుతున్నారు.